నాలుగేళ్ల బాబుకు నత్తి: ఆగి చూడాలా, చికిత్స మొదలుపెట్టాలా?

దేవరకొండ దగ్గరి పల్లెలో ఉంటున్న మీరు నాలుగేళ్ల మూడు నెలల మీ బాబు గురించి అడిగారు. మూడున్నరేళ్లు వచ్చేదాకా గలగలా మాట్లాడిన పిల్లవాడు తొమ్మిది నెలలుగా మాట మొదట్లో తడబడుతున్నాడని, తొలుత "నా నా నా నాకు" అని ఊరుకున్నవాడు ఈ మధ్య నోరు తెరిచినా శబ్దం రాక, కళ్లు గట్టిగా మూసుకుని, కాలితో నేలను తన్ని మాటను బయటికి తెస్తున్నాడని, ఒక్కోసారి "మర్చిపోయిన" అంటూ చెప్పబోయింది వదిలేస్తున్నాడని రాశారు. మీ అన్నకు చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. మీ అత్తగారు పెద్దయితే అదే పోతుందంటున్నారు, ఆడబిడ్డ నాలుక కింది తీగ కోయించమంటున్నారు, ఇంకొకరు వస నాకించమంటున్నారు, మీ ఆయన ఇంగ్లిష్ మీడియం బడి వల్లే ఇదంతా అంటున్నారు. ఇందులో ఏది నిజం, ఎవరికి చూపించాలి అన్నది మీ ప్రశ్న. స్పీచ్ థెరపిస్టుగా నా వృత్తి జీవితంలో ఎక్కువ భాగం నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలతోనే గడిచింది కాబట్టి ఈ సమాధానం కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటి సమాధానం. "పెద్దయితే పోతది" అనే మాట చాలామంది పిల్లల విషయంలో నిజమే అయినా, మీరు రాసిన లక్షణాలున్న పిల్లవాడి విషయంలో దాని మీద భారం వేసి కూర్చోకూడదు. ఈ నెలలోనే చూపించండి. బాబుకు ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందని ఇలా చెప్పడం లేదు. ఆరేళ్ల లోపు చికిత్సకు లొంగినంత తేలికగా నత్తి ఆ తర్వాత లొంగదు, మీ చేతిలో ఇంకా ఏడాదిన్నరకు పైగా సమయం ఉంది, అది ఊరికే పోకూడదు.

చిన్నపిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో నత్తి మొదలవుతుంది. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, విడివిడి మాటలు వాక్యాలుగా మారే వయసులో ఇది కనిపిస్తుంది. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి, మొదలైన కొన్నేళ్లలో, దానంతట అదే తగ్గిపోతుంది, అందుకే పెద్దవాళ్లలో నత్తి ఉన్నవారు 1 శాతమే కనిపిస్తారు. కాబట్టి మీ అత్తగారి మాట గాలిమాట కాదు, ఆమె తన కళ్లతో చూసిన పిల్లలను బట్టే అలా చెప్పి ఉంటారు. అయితే తగ్గని ఆ నాలుగో వంతులో ఎవరుంటారన్నది ముందే కచ్చితంగా చెప్పలేకపోయినా, కొన్ని సూచనలను బట్టి అంచనా వేయవచ్చు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నత్తి నిలిచిపోయే అవకాశం ఎక్కువ. ఇంట్లో రక్తసంబంధీకులకు పెద్దయ్యాక కూడా నత్తి మిగిలి ఉంటే, మూడున్నరేళ్లు దాటాక మొదలైతే, నెలలు గడుస్తున్నా తగ్గుముఖం పట్టకపోతే, వయసుకు తగినట్టు ఇతర అక్షరాలు కూడా పలకకపోతే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. వీటిలో ఏదీ విధిరాత కాదు. కానీ మగపిల్లవాడు, మేనమామకు నత్తి, మూడున్నరేళ్ల వయసులో మొదలు, తొమ్మిది నెలలుగా తగ్గకపోగా బిగుసుకోవడం, ఇన్ని ఒక్కచోట కలిసినప్పుడు ఎదురుచూడమని నేను ఏ తల్లికీ చెప్పను.

మాట నేర్చుకునే ప్రతి పిల్లవాడూ కొంత తడబడతాడు, అదంతా నత్తి కాదు. "నేను... నేను... మనం ఊరికి పోయినప్పుడు... కాదు, సంతకు పోయినప్పుడు" అని వాక్యాన్ని మార్చుకోవడం, "అదీ... అదీ..." అని వెతుక్కోవడం, మొత్తం మాటను ఒకటి రెండుసార్లు తేలికగా తిరిగి అనడం ఆ వయసులో మామూలు. మాటలోని మొదటి ముక్క మాత్రమే మళ్లీ మళ్లీ రావడం, అంటే "మా-మా-మా-మామిడికాయ" అనడం, మొదటి శబ్దం "స్స్స్స్సైకిల్" అన్నట్టు సాగడం, పెదవులు కలిసి ఉండి "ప్..." దగ్గరే గొంతు ఆగిపోయి "పాలు" అన్న మాట బయటికి రాకపోవడం నత్తి లక్షణాలు. ఈ మూడింటిలో ఆఖరిది, మాట పూర్తిగా ఆగిపోవడం, అన్నిటికంటే కష్టపెట్టేది. కళ్లు మూయడం, కాలు తన్నడం, తల విదిలించడం వంటివి ఆ ఆగుడు నుంచి తప్పించుకోవడానికి పిల్లవాడు తనకు తానే కనిపెట్టుకున్న ఉపాయాలు. ఒకసారి కాలు తన్నినప్పుడు మాట బయటపడితే, అది తన్నడం వల్లే వచ్చిందనుకుని మళ్లీ తన్నుతాడు. మీరు దాన్ని దురలవాటుగా, మొండితనంగా చూసి కొట్టకండి. "మర్చిపోయిన" అన్న మాట నన్ను వీటన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే మీ బాబు మర్చిపోలేదు, ఆ మాట కష్టమవుతుందని ముందే గుర్తుపట్టి పక్కకు తప్పుకున్నాడు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఇంతటి గ్రహింపు ఉండదనుకోవడం పొరపాటు.

నత్తి ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. వారం పాటు సాఫీగా మాట్లాడి, బతుకమ్మ పండుగకు ఇంటినిండా చుట్టాలు దిగగానే ప్రతి మాటకూ ఆగవచ్చు. పాట పాడినప్పుడు, నలుగురితో కలిసి రైమ్ చెప్పినప్పుడు, దూడతోనో కుక్కపిల్లతోనో మాట్లాడినప్పుడు ఎక్కడా తడబడకపోవచ్చు. దీన్ని చూసి "కావాలనే చేస్తుండు, నా దగ్గర మంచిగనే మాట్లాడిండు" అనే తండ్రులను నేను చాలామందిని చూశాను. పిల్లవాడు నటించడం లేదు, ఈ ఎగుడుదిగుడే నత్తి స్వభావం. డాక్టరు ముందు పది నిమిషాలు చక్కగా మాట్లాడితే "ఏమీ లేదు, పొండి" అని పంపేయడం కూడా ఇందువల్లే జరుగుతుంది.

ఇక కారణం. ఒక్క మాట పలకాలంటే ఊపిరి, గొంతు, నాలుక, దవడ, పెదవులకు చెందిన ఎన్నో కండరాలు సరైన క్షణంలో సరైన వరుసలో కదలాలి. కోలాటంలో అందరికీ అడుగులు తెలిసినా ఒకరి కోల అర క్షణం ఆలస్యమైతే వరుస అంతా ఆగినట్టు, ఏం చెప్పాలో తెలిసిన పిల్లవాడికి కూడా ఈ కదలికల కాలలయ కుదరనప్పుడు మాట ఆగుతుంది. మెదడు చిత్రాలు తీసి చేసిన పరిశోధనల్లో, మాటను నడిపించే ఎడమవైపు భాగాలను కలిపే నాడీ మార్గాల్లో నత్తి ఉన్నవారికి, లేనివారికి సూక్ష్మమైన తేడాలు కనిపించాయి. తెలివితేటలతో దీనికి సంబంధం లేదు. వంశపారంపర్యం పాత్ర బలమైనది. 2010లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన డెన్నిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్‌కు చెందిన కుటుంబాలతో మొదలుపెట్టి చేసిన అధ్యయనంలో, నత్తితో ముడిపడిన మార్పులను మూడు జన్యువుల్లో గుర్తించింది. నత్తి ఉన్నవారిలో కొద్ది భాగానికే ఆ మూడూ వర్తిస్తాయి, మిగిలిన వారి విషయంలో అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి పనిచేస్తాయి.

ఈ విషయం రాయగానే మీ ఇంట్లో "చూసినవా, మీ పుట్టింటి గుణమే" అనే మాట వినిపించవచ్చని నాకు తెలుసు, ఆ మాటకు తల వంచుకున్న తల్లులు నా ఎదుట చాలామంది కూర్చున్నారు. జన్యువును ఎవరూ ఎంచుకుని ఇవ్వరు. మేనమామ ముక్కు వచ్చినందుకు తల్లిని తప్పుపట్టని ఇల్లు, మేనమామ నత్తి వచ్చినందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. మీరు గర్భంతో ఉన్నప్పుడు భయపడడం వల్లనో, బాబును కోప్పడడం వల్లనో, పనికి పోతూ నాయనమ్మ దగ్గర వదలడం వల్లనో నత్తి రాలేదు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా తల్లిదండ్రుల చెవిలోనే నత్తి పుడుతుందని, మామూలు తడబాటును నత్తి అని ముద్ర వేయడం వల్లే అది నత్తిగా మారుతుందని నమ్మారు. ఆ నమ్మకంతో 1939లో అమెరికాలోని అయోవాలో అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బాగా మాట్లాడే పిల్లలను పట్టుకుని మీకు నత్తి ఉంది, మాట్లాడేముందు జాగ్రత్త అని నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు కానీ వారిలో కొందరు మాట్లాడడమే తగ్గించారు, ముడుచుకుపోయారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. తిట్లు నత్తిని పుట్టించవు, మౌనాన్ని పుట్టిస్తాయి. మీ ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసింది ఇదే.

మీ అన్నను చూసి బాబు నేర్చుకున్నాడన్న అనుమానం కూడా నిజం కాదు. అనుకరిస్తే నత్తి అంటదు. అలా అంటేటట్టయితే ఒకే ఇంట్లో పెరిగిన మీకూ వచ్చి ఉండేది. మేనమామను ఇంటికి రావద్దనడం, ఆయన మాట్లాడుతుంటే పిల్లవాడిని పక్కగదికి పంపడం వంటివి జరుగుతున్నట్టయితే వెంటనే ఆపించండి. నత్తితోనే ఉద్యోగమో, వ్యవసాయమో చేసుకుంటూ, నలుగురిలో మాట్లాడుతూ బతికే ఒక పెద్ద మనిషి కళ్ల ముందు ఉండడం మీ బాబుకు మేలే చేస్తుంది.

నాలుక కింది తీగ సంగతి. ఆ తీగ పొట్టిగా ఉంటే చంటిబిడ్డకు పాలు పట్టడం కష్టం కావచ్చు, కొందరికి కొన్ని అక్షరాలు పలకడం ఇబ్బంది కావచ్చు, కానీ నత్తికి దానితో సంబంధం లేదు. మూడున్నరేళ్లు గలగలా మాట్లాడిన నాలుక ఒక్కసారిగా పొట్టిదైపోదు కదా. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుపొందిన శస్త్రవైద్యుడు నత్తి పోగొట్టడానికి నాలుక మొదలులోంచి ముక్కలు కోసి తీశాడు. రోగులు రక్తస్రావంతో అల్లాడారు, నత్తి పోలేదు, ఆ పద్ధతిని వైద్యలోకం వదిలేసింది. వస విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయన్న నమ్మకం మన దగ్గర పాతదే అయినా, అందులో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం జంతువుల మీద పరీక్షల్లో కణుతులు కలిగించడంతో 1968లో అమెరికా దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. నత్తి మీద అది పనిచేస్తుందన్న ఆధారమూ లేదు. నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించడం నాలుగేళ్ల పిల్లవాడికి గొంతుకు అడ్డుపడే ప్రమాదం. నాలుక మీద, గొంతు మీద వాత పెట్టించడం హింస. మొక్కు తీర్చుకోవడానికి గుట్టకో, దర్గాకో పోయి వస్తే అందులో హాని లేదు, అది మీ మనసుకు ధైర్యమిస్తే పోయి రండి, చికిత్స మాత్రం దానికోసం ఆగకూడదు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నత్తి వస్తుందా అని కూడా మన జిల్లాలో తరచూ అడుగుతారు. ఆ నీళ్లు పళ్లకు, ఎముకలకు చేసే నష్టం మనకందరికీ తెలుసు, నత్తికి అవి కారణం కావు. నత్తికి పిల్లలకు ఇవ్వదగిన మందు బిళ్ల ఏదీ లేదు, కాబట్టి ఎవరైనా సిరప్ రాసి నత్తి పోతుందంటే నమ్మకండి.

ఇంగ్లిష్ బడి వల్ల వచ్చిందన్న మీ ఆయన మాటకు సమాధానం: రెండు మూడు భాషలు వినడం వల్ల నత్తి రాదు. దేవరకొండ చుట్టుపక్కల తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరుగుతున్నారు. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ, తెలుగు కలిసి పెరుగుతాయి. ఆ పిల్లలందరికీ నత్తి రాలేదు. అయితే సరిగా రాని భాషలో సమాధానం చెప్పమని నిలబెట్టినప్పుడు ఉన్న నత్తి ఎక్కువగా బయటపడుతుంది. అందుకని బడి మాన్పించనవసరం లేదు, ఇంట్లో మీ తెలుగును మానేసి "వాటర్ తాగు, హ్యాండ్ వాష్ చేసుకో" అనే ఇంగ్లిష్‌లోకి మారనూ అవసరం లేదు. బాబుకు మీ మనసులోని మాట ఏ భాషలో చెప్పగలరో ఆ భాషలోనే మాట్లాడండి.

స్పీచ్ థెరపిస్టును కలిసే లోపు ఇంట్లో చేయగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో మొదటిది కొన్ని మాటలు మానేయడం. "మెల్లగ మాట్లాడు", "ఊపిరి పీల్చుకుని చెప్పు", "సక్కగ చెప్పరా" అనే సలహాలు ప్రేమతో ఇచ్చినవే అయినా, తన మాట తప్పుగా ఉందన్న సంగతి ఒక్కటే పిల్లవాడికి వాటివల్ల అర్థమవుతుంది. మాట ఆగినప్పుడు మీరు పూర్తి చేయకండి. అతని ముఖంలోకి మామూలుగా చూస్తూ, తొందర లేనట్టు వేచి ఉండండి. చెప్పడం అయ్యాక ఎలా చెప్పాడన్నది కాకుండా ఏం చెప్పాడన్నదానికి జవాబివ్వండి. "బ-బ-బర్రె ఈనింది" అంటే "అవునా, దూడ ఏ రంగుల ఉంది?" అనండి. అతన్ని మెల్లగా మాట్లాడమనే బదులు మీరే కాస్త నిదానంగా మాట్లాడండి, అతని మాట ముగిశాక ఒక క్షణం ఆగి అప్పుడు మొదలుపెట్టండి. ప్రశ్న మీద ప్రశ్న వేయడం తగ్గించండి. "ఇదేంది? ఇది ఏ రంగు? బళ్లె ఏం చెప్పిండ్రు?" అని వరసగా అడిగే బదులు, "నేను చిక్కుడుకాయలు తెంపుతున్న, ఇది ముదిరింది" అని మీ పని మీరు చెబుతుంటే అతనే మాట కలుపుతాడు. బాగా తడబడిన రోజున "ఆ మాట కష్టమైంది కదా బిడ్డా, ఏం కాదు, నేను వింటున్న" అనడంలో తప్పు లేదు. నత్తి గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదని నియమం పెట్టుకుంటే అది సిగ్గుపడవలసిన విషయమని పిల్లవాడు అనుకుంటాడు.

ఉమ్మడి ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే చిన్నవాడు తన వంతు దొరకబుచ్చుకోవడానికి తొందరపడతాడు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలన్న పద్ధతి అన్నం తినేటప్పుడైనా పాటించండి. రోజూ ఒక ఐదు నిమిషాలు, టీవీ, ఫోను లేకుండా, ఇంకో పిల్లవాడు మధ్యలో రాకుండా, బాబు ఎంచుకున్న ఆటలో మీరు తోడుగా కూర్చోండి. ఐదే నిమిషాలని చిన్నచూపు చూడకండి, తల్లిదండ్రుల్లో ఎవరైనా దీన్ని క్రమం తప్పకుండా చేసిన ఇళ్లలో పిల్లవాడి ముఖం తేలికపడడం నేను చూస్తూనే ఉన్నాను. చుట్టాలు రాగానే "మామయ్యకు రైమ్ చెప్పు, పేరు చెప్పు" అని నిలబెట్టే అలవాటును మాత్రం పూర్తిగా మానండి. మనసులో ఉన్నది చెప్పడం వేరు, ఆజ్ఞ మీద ప్రదర్శన ఇవ్వడం వేరు.

ఇవన్నీ భారాన్ని తగ్గిస్తాయి, కానీ మీ బాబు వంటి పిల్లవాడికి ఇవి మాత్రమే సరిపోకపోవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు ఎక్కువ ఆధారాలున్న చికిత్సల్లో ఒకటి ఆస్ట్రేలియాలోని సిడ్నీ శివారు ప్రాంతమైన లిడ్‌కమ్ పేరుతో పిలిచే పద్ధతి. ఇందులో చికిత్స చేసేది తల్లో తండ్రో, థెరపిస్టు వారికి నేర్పి వారం వారం సరిదిద్దుతారు. రోజూ పది, పదిహేను నిమిషాల ఆటలో, పిల్లవాడు తేలికగా మాట్లాడగలిగేలా ఆటను అమర్చి, సాఫీగా వచ్చిన మాటలకు "మాట మంచిగ వచ్చింది" అని చెబుతారు. అప్పుడప్పుడు, చాలా అరుదుగా, "ఆ మాట కొంచెం ఆగింది, మళ్లొకసారి అంటవా?" అని అడుగుతారు. రోజు ముగిశాక ఆనాటి నత్తికి 0 నుంచి 9 వరకు ఒక అంకె వేసి రాసుకుంటారు. 0 అంటే అసలు లేదని, 9 అంటే అత్యంత తీవ్రమని. పైన మాటను సరిదిద్దవద్దని చెప్పి ఇక్కడ అడగమంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. తేడా ఉంది. ఇక్కడ మెచ్చుకోలు ఎన్నో రెట్లు ఎక్కువ, అడగడం పిల్లవాడు కులాసాగా ఉన్నప్పుడే, అడిగినా అతనికి ఇష్టం లేకపోతే వదిలేయాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎప్పుడు ఎలా అడగాలో థెరపిస్టు మీ ఎదుట చేసి చూపించాలి. కాబట్టి నేను రాసిన ఈ నాలుగు వాక్యాలు చదివి మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు.

న్యూజిలాండ్‌లో 54 మంది పిల్లలతో జరిపి 2005లో ప్రచురించిన పరీక్షలో, తొమ్మిది నెలల తర్వాత ఈ చికిత్స పొందిన వారిలో నత్తి 77 శాతం తగ్గింది, పొందని వారిలో 43 శాతం తగ్గింది. చికిత్స లేకున్నా కొంత తగ్గుతుందన్నదీ, చికిత్సతో మరింత తగ్గుతుందన్నదీ ఈ రెండు అంకెల్లో కనిపిస్తాయి. ఇంకో మార్గం, పిల్లవాడి మాటను నేరుగా తాకకుండా, అతని మీద పడే ఒత్తిడిని తగ్గించి శక్తిని పెంచే పద్ధతి. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లలతో ఈ రెంటినీ పోల్చి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర తర్వాత రెండు పక్షాల్లోనూ 70 శాతానికి పైగా పిల్లలకు నత్తి పోయింది. రెంటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అందుకే మీకు దొరికిన థెరపిస్టుకు ఏది బాగా వచ్చో అది చేయించుకోవడం మంచిదని, పద్ధతి పేరు కోసం ఊళ్లు తిరగవద్దని నా సలహా. కానీ కొవ్వొత్తులు ఊదించడం, బుడగలు ఊదించడం, నాలుకను పైకీ కిందికీ ఆడించడం మాత్రమే చేయిస్తే అది నత్తికి చికిత్స కాదు. పది రోజుల క్యాంపులో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారికి డబ్బు కట్టకండి.

ఎక్కడ చూపించాలన్నదానికి వస్తే, అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి చెబితే వారు పై కేంద్రానికి రాసిస్తారు. మీ బాబు ప్రైవేటు బడిలో ఉన్నాడు కాబట్టి మీ ఊరి ఆశా కార్యకర్త ద్వారానో, ఏఎన్ఎం ద్వారానో అడగండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో పిల్లల విభాగంలోనో, చెవి ముక్కు గొంతు విభాగంలోనో స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని వెళ్లండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వాక్ శ్రవణ సమస్యలే దాని పని. ప్రైవేటుగా చూపించుకునేటట్టయితే ఆ వ్యక్తికి, స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. వారం వారం బస్సెక్కడం మీకు కూలి పోగొట్టుకోవడమేనని నాకు తెలుసు. మొదట ఒకటి రెండుసార్లు నేరుగా కలిసి, ఆ తర్వాత ఫోనులో వీడియో ద్వారా కొనసాగించవచ్చు, లిడ్‌కమ్ చికిత్స వీడియోలో కూడా బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. పాలమూరు నుంచి వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలు నాయనమ్మల దగ్గర ఉంటారు, అలాంటి చోట నేను నాయనమ్మకే నేర్పుతాను. అక్షరం రాని పెద్దమ్మలు ఎంతో ఓపికగా, నిక్కచ్చిగా చేస్తారు. కాబట్టి మీ అత్తగారిని కూడా వెంట తీసుకుపోండి.

తల దెబ్బ తగిలాకో, ఫిట్స్ వచ్చాకో మాట మారితే అది వేరే సంగతి, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు. వినికిడి గురించి ఏ కొంచెం అనుమానమున్నా అదే రోజు పరీక్ష చేయించండి.

బడిలో టీచరును ఒంటరిగా కలిసి విషయం చెప్పండి. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనడం నత్తి ఉన్న పిల్లలకు చాలా కష్టం, దాని బదులు ఇంకో మాట వాడడానికి వీలుండదు, అందరూ చూస్తుంటారు. బాబు చెయ్యెత్తితే చాలని ఒప్పుకోమనండి. రైమ్స్ అందరితో కలిసి చెప్పిస్తే సాఫీగా చెబుతాడు, ఒక్కడినే నిలబెట్టేది అతను ముందుకొచ్చినప్పుడే కావాలి. తోటి పిల్లలు వెక్కిరిస్తే టీచరు దాన్ని నవ్వి వదిలేయకూడదు. "నత్తోడు" అనే పిలుపు ఊళ్లో ఒకసారి అంటుకుంటే పెళ్లి పత్రిక దాకా వదలదు, కాబట్టి మీ వాడకట్టులో ఎవరు ఆ పేరు పెట్టినా మొదటి రోజే అభ్యంతరం చెప్పండి.

అన్నీ సక్రమంగా చేసినా కొందరు పిల్లలకు నత్తి మిగులుతుంది. అప్పుడు మీరు ఓడినట్టూ కాదు, వాడు ఓడినట్టూ కాదు. ఏడేళ్లు దాటిన పిల్లలకు వేరే రకమైన చికిత్స ఉంది. అందులో తడబాటును బిగించకుండా తేలిక చేసుకోవడం, మాట మార్చి తప్పించుకోకుండా చెప్పదలచిందే చెప్పడం, ఎదుటివారికి "నాకు నత్తి ఉంది, కొంచెం ఆగండి" అని ధైర్యంగా చెప్పడం నేర్పుతారు. మీ అన్నకు ఇప్పుడైనా ఇష్టముంటే ఇది ఆయనకూ పనికొస్తుంది.

మొదటిసారి వెళ్లేముందు వారం రోజులు ఆనాటి నత్తికి పైన చెప్పినట్టు 0 నుంచి 9 వరకు రోజుకొక అంకె వేసి ఉంచండి. ఇంట్లో మామూలుగా ఆడుకునేటప్పుడు రెండు మూడు నిమిషాల వీడియోలు, ఒకటి మంచి రోజున, ఒకటి కష్టమైన రోజున, తీసి పెట్టుకోండి. చాటుగా తీయకుండా, ఆటలో భాగంగానే తీయండి. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరెవరికి ఉంది లేదా ఉండి పోయింది, కాలు తన్నడం ఏ నెలలో మొదలైంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుపోతే, ఆ రోజు బాబు థెరపిస్టు ఎదుట ఒక్క తడబాటూ లేకుండా మాట్లాడినా మీరు వట్టి చేతులతో తిరిగి రావలసిన పని ఉండదు.